మా వదిన సొంత మాటలు

యూనివర్సిటీ వాళ్లు మా వదినని దొంగ అన్నారు. ఆ మాట వాడలేదనుకోండి. పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, అంత మోటుగా మాట్లాడరు. మీ వ్యాసానికీ మరో ఇద్దరి వ్యాసాలకీ గణనీయమైన పోలికలు కనిపించాయి, వచ్చి వివరణ ఇచ్చుకోండి అని ఫోన్లో చెప్పారు. నా లెక్కలో రెండూ ఒకటే. ఒకటి చెంప పగలగొట్టడం, రెండోది చేతికి తొడుగు వేసుకుని చెంప పగలగొట్టడం.

నా కోపం మీకు అర్థం కావాలంటే ముందు మా వదిన ఎవరో చెప్పాలి.

మా వదిన అంటే మా అన్నయ్య భార్య. పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. నేనూ అక్కడే. ఆసుపత్రికి పైన ఎన్ని అంతస్తులున్నాయో, ఏ అంతస్తులో ఏ డాక్టరు కూర్చుంటాడో మాకు అనవసరం. మా లోకమంతా నేల కింద ఉన్న ఒక పొడవాటి గది. ఒక చివర మాసిన బట్టలు బండ్ల మీద వచ్చి పడతాయి, రెండో చివర తెల్లగా మడతలు పడి బయటికి పోతాయి. మధ్యలో మనిషి దూరేంత ఉతుకు మిషన్లు, ఆరబెట్టే మిషన్లు, ఆ తర్వాత నా ఇస్త్రీ రోలరు. నా రోలరులోంచి వచ్చిన దుప్పట్లని అందుకుని మడతపెట్టే బల్ల మా వదినది. ఆవిరీ, మిషన్ల మోతా తప్ప ఆ గదిలో ఇంకేమీ ఉండవు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా నూలు ధూళి పేరుకుంటుంది.

వదినకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏది చూసినా ఎందుకు అని అడుగుతుంది. మా ఇంటికి వచ్చిన కొత్తలో గోడ గడియారం చూసి, ఇది ముందుకు నడుస్తోంది కదా, ఎందుకు సరిచేయరు అని అడిగింది. మా ఇంట్లో అందరం ఆలస్యం మనుషులం, అందుకే కాస్త ముందుకు పెట్టుకున్నాం అంది మా అమ్మ. ముందుకు ఉందని అందరికీ తెలిసినప్పుడు ఇంక అది ఎవరిని మోసం చేస్తుంది అత్తయ్యా అంది వదిన. మా అమ్మ చేతిలో పని ఆపేసి కాసేపు ఆలోచించి, ఈ పిల్ల మనల్ని ప్రశాంతంగా బతకనివ్వదు అని తేల్చేసింది. ఆ రోజు నుంచీ వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, ఒకరు లేకపోతే ఒకరికి తోచదు.

అలాంటి మనిషి చదువు బడితోనే ఆగిపోయింది. తల్లి మంచాన పడింది, ఇంటికి పెద్దపిల్ల, చెల్లెళ్లు చదువుకోవాలి. చెల్లెళ్లు చదువుకున్నారు. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి, ఈ వయసులో నీకు చదువెందుకే అక్కా అంటారు. అది విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వదినకి ఎక్కదు. వాళ్లు అడిగింది మంచి ప్రశ్నే కదా అంటుంది.

మా వీధి చివర, ఇనుప సామాన్ల కొట్టు పైన సాయంకాలం కాలేజీ ఒకటుంది. నలభై దాటాక మా వదిన ఒకరోజు పని నుంచి తిన్నగా వెళ్లి అందులో చేరిపోయింది. అక్కడ రెండేళ్లు చదివితే యూనివర్సిటీలో డిగ్రీ మూడో ఏడాదిలోకి నేరుగా తీసుకుంటారు, ఆ క్లాసులు కూడా సాయంత్రాలే. ఆవిడ కోరుకున్నది లిబరల్ ఆర్ట్స్. కంప్యూటర్లు కాదు, అకౌంట్లు కాదు. చరిత్ర, సాహిత్యం, తత్వం, మనిషి గురించి మనిషి ఆలోచించినవన్నీ కలిపి చెప్పే డిగ్రీ. ఆర్ట్స్ అంటే బొమ్మలు గీయడమా వదినా, మా పెరటి గోడ మీద ఒక నెమలిని వెయ్యి అని నేనే ఏడిపించాను. మా అమ్మ అయితే, అదంతా చదివాక ఏ ఉద్యోగం ఇస్తారని అడిగింది. ఏదీ ఇవ్వరు అత్తయ్యా, దుప్పట్లే మడతపెడతాను, కాకపోతే మడతపెడుతూ ఆలోచించుకోవడానికి కొంచెం సరుకు ఉంటుంది అంది వదిన.

మా అన్నయ్య టైర్ల షాపులో పనిచేస్తాడు. మాట తక్కువ. భార్య కాలేజీకి వెళ్లే సాయంత్రాలు వంట తనే చేయడం మొదలుపెట్టాడు. ఆ వంట తిన్నవాళ్లం మేము, వదిన చదువుకి మా త్యాగం తక్కువేమీ కాదు. రాత్రి ఆవిడ ఆ రోజు పాఠం చదివి వినిపిస్తే గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకుంటే మధ్యలో, ఆగు, ఆ ముక్క మళ్లీ చెప్పు అనేవాడు.

ఇక ఆ మిగతా ఇద్దరు. ఒకావిడ మా గదిలో చిరిగిన బట్టలు బాగుచేసే కుట్టు అక్క. వదిన కంటే పెద్దది, కళ్లజోడు ముక్కు చివర, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు. రెండోవాడు మా బట్టల వ్యాను డ్రైవరు. ఊళ్లో ఉన్న చిన్న ఆసుపత్రులన్నిటికీ దుప్పట్లు చేరవేస్తాడు. వాళ్లిద్దరినీ కాలేజీలో చేర్పించింది వదినే. మడత బల్ల దగ్గర ఆవిడకి ఎప్పుడూ పగటి పనే కాబట్టి ఒక్క క్లాసూ పోలేదు. వీళ్లకి షిఫ్టులు మారుతుంటాయి, సగం క్లాసులు పోయేవి. పోయిన పాఠాన్ని మర్నాడు వదిన చెప్పేది. ఎక్కడంటే, మడత దగ్గర.

మా గదిలో మాట్లాడుకోవడానికి ఒక పద్ధతుంది. ఎవరూ పెట్టింది కాదు, పనే పెట్టింది. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడవాలి, బిగలాగాలి, సగానికి మడిచి ఒకరికొకరు ఎదురు రావాలి, కొసలు అందించాలి, మళ్లీ వెనక్కి పోవాలి. దూరంగా ఉన్నప్పుడు మిషన్ల మోతలో గొంతు చించుకున్నా వినపడదు. దగ్గరికొచ్చిన ఆ ఒక్క క్షణంలోనే చెప్పాల్సింది చెప్పేయాలి. అందుకని మా వాళ్లు పొడుగ్గా మాట్లాడరు. ఎదురొచ్చినప్పుడు ఒక ప్రశ్న. వెనక్కి పోతూ ఆలోచన. మళ్లీ ఎదురొచ్చినప్పుడు జవాబు. మేము తగాదాలు కూడా అలాగే పడతాం. పక్క రోలరు దగ్గర నిలబడి రెండేళ్లపాటు ఆ పాఠాలన్నీ విన్నాను నేను. పరీక్ష రాయలేదు గానీ, ఎవరేం అన్నారో నన్నడగండి చెబుతాను.

ఒకసారి తత్వం క్లాసులో, మారుతూ ఉన్నదాన్ని అదే అని ఎలా అంటాం అనే పాఠం జరిగింది. పుస్తకంలో పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేసిన పడవ ఉదాహరణ ఇచ్చారట. మాలో పడవెక్కినవాళ్లే లేరు. వదిన పడవని పక్కన పడేసి, చేతిలో ఉన్న దుప్పటినే తీసుకుంది. ఎదురుగా కుట్టు అక్క.

"చిరిగిన చోట అతుకు వేశావు. మళ్లీ చిరిగింది. మళ్లీ వేశావు," అంది వదిన దగ్గరికొచ్చి.

వెనక్కి వెళ్లారు, బిగలాగారు, ఎదురొచ్చారు.

"ఇప్పుడు అన్నీ అతుకులే. మొదటి గుడ్డది ఒక్క పోగు కూడా లేదు. ఇది పాత దుప్పటేనా?"

కుట్టు అక్క వెనక్కి నడిచింది. ఆ మడత అయిపోయింది. ఇంకో దుప్పటి తీసుకున్నారు. అది సగంలో ఉండగా అక్క నోట్లో గుండుసూదులు తీసి జవాబు చెప్పింది.

"పాతదే. నేను దాన్ని వదిలిపెట్టలేదు కదా."

వదిన చేతుల్లో కొసలు అలాగే ఉండిపోయాయి. వెనక దుప్పట్లు పోగుపడిపోతున్నాయని నేను అరిస్తే గానీ కదల్లేదు. బండి కోసం నిలబడ్డ డ్రైవరు కూడా ఒక మాట వేశాడు. దుప్పటి మూల మీద వార్డు ముద్ర ఉన్నంతకాలం ఆ వార్డు వాళ్లు దాన్ని తమదే అంటారు, కాబట్టి అదేనో కాదో దుప్పటిని చూస్తే తేలదు, అడిగేవాళ్లని చూడాలి అన్నాడు. వారం రోజులు మా గదిలో ఇదే గోల. ఏ మాట ఎవరు ముందు అన్నారో, ఎవరు దాన్ని సాగదీశారో వాళ్లకే గుర్తులేదు.

రెండేళ్లూ అయ్యాయి. ముగ్గురూ పాసయ్యారు. యూనివర్సిటీకి మారడానికి ఒక వ్యాసం రాసి పంపాలన్నారు. అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది. సాయంకాలం కాలేజీకీ యూనివర్సిటీకీ ఉన్న ఒప్పందం ఈ ఏడాదితో సరి. ఈసారి సీటు రాకపోతే మళ్లీ మొదటి ఏడాది నుంచి, అదీ పగటిపూట క్లాసులతో చదవాలి. పగలు క్లాసుకెళ్తే దుప్పట్లు ఎవరు మడతపెడతారు? ఈసారి కాకపోతే మా వదినకి ఇంకెప్పుడూ కాదన్నమాట.

వ్యాసానికి వాళ్లిచ్చిన అంశం చూసి మా వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. అదే పాఠం. మార్పు, అదే అనడం. ముగ్గురూ విడివిడిగానే రాశారు. వదిన మా వంటింటి బల్ల మీద రాస్తుంటే పక్కన గిన్నెలు కడిగింది నేనే. కుట్టు అక్క వాళ్లింట్లో రాసుకుంది. డ్రైవరు వ్యానులో కూర్చుని స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాశాడు. ఒకరిది ఒకరు చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది? రెండేళ్లు కలిసి ఆలోచించినవాళ్లు ఒకటే దుప్పటి గురించి, ఒకటే రకం చిన్న చిన్న ముక్కల్లో, ఒక ప్రశ్న, ఒక జవాబుగా రాసేశారు. వాళ్లకి వేరేలా రాయొచ్చని తట్టనే లేదు.

అక్కడ మొదలైంది. ముగ్గురిలో ఒకరు రాసిచ్చారు, మిగతా ఇద్దరూ కాపీ కొట్టారు అని యూనివర్సిటీ కమిటీ అనుమానం. ఫోన్ పెట్టేశాక వదిన తన వ్యాసం చిత్తు కాగితాలు తీసి మొదటి నుంచీ చదువుకుంది. మా అమ్మ మాట్లాడింది. మడత బల్ల దగ్గర నోరు మూసుకుని పని చేసుకుంటే ఈ తలనొప్పి ఉండేదా అంది. అని, లోపలికెళ్లి వదిన కట్టుకెళ్లాల్సిన చీర తనే ఇస్త్రీ చేసింది. నేను వచ్చి మాట్లాడనా అని అన్నయ్య అడిగాడు. నువ్వు కోపమొస్తే చేతులతో మాట్లాడతావు, వద్దులే అంది వదిన. తోడుగా నేను బయల్దేరాను. నాకూ ముక్కు మీదే కోపం, కాకపోతే నాకు చేతులు లేవు, నోరే.

ఆ యూనివర్సిటీ మెట్లు ఎక్కుతుంటేనే ఒళ్లు మండింది. నున్నటి రాతి నేల, ఎత్తయిన తలుపులు. బయట కూర్చోమని నన్ను నడవాలో ఒక బెంచీ మీద పడేశారు. ముగ్గురినీ మూడు గదుల్లో విడివిడిగా పెట్టి, ఫోన్లు తీసేసుకుని, ఒక్కొక్కళ్లని పిలిచారు. మా వాళ్లు బయటికొచ్చాక చెప్పినవి కలిపి చెబుతున్నాను.

కమిటీ పెద్దాయన మర్యాదస్థుడేనట. కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగుతారా అన్నాడట. పక్కన నెరిసిన జుట్టు ఆవిడ ఒకరు, ఏమీ మాట్లాడకుండా వింటూ కూర్చుంది. ముందు డ్రైవర్ని పిలిచారు. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? వదిన సీటు పోతుందేమోనని భయపడి, చేయని తప్పు ఒప్పేసుకున్నాడు. ఆవిడ వ్యాసం బల్ల మీద పెట్టి మంచినీళ్లకి వెళ్లినప్పుడు నేనే చూసి రాసుకున్నాను సార్, కుట్టు అక్కకి కూడా నేనే ఇచ్చాను, వాళ్లిద్దరికీ ఏ పాపమూ తెలియదు అన్నాడు.

తర్వాత కుట్టు అక్క వెళ్లింది. ఆవిడా అదే పని చేసింది. చెల్లి మంచినీళ్లకి వెళ్లినప్పుడు నేనే చూసి రాసుకున్నాను బాబూ, డ్రైవరుకి నేనే ఇచ్చాను, వాళ్లకేమీ తెలియదు అంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వదిన బల్ల వదిలి వెళ్లేది ఒక్క మంచినీళ్లకే కాబట్టి, ఇద్దరికీ దొరికిన అబద్ధం కూడా అదొక్కటే. కమిటీ పెద్దాయనకి ఒకటే నేరానికి ఇద్దరు దొంగలు దొరికారు, ఇద్దరూ నేనొక్కడినే, నేనొక్కదాన్నే అంటున్నారు.

ఆఖరున వదిన. అప్పటికి ఆయన ఓపిక అయిపోయినట్టుంది. మిగతా ఇద్దరూ మీ వ్యాసం చూసి రాశామని ఒప్పుకున్నారు, మీరు అవునంటే మీ సీటు మీకుంటుంది, ఒక్క మాట చాలు అన్నాడట.

నేను ఆ గదిలో ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. మా వదినకి కావలసిందల్లా ఎదురుగా పెట్టారు. నలభై ఏళ్ల ఆకలి. తలూపితే చాలు.

"వాళ్లు చూసి రాయలేదండీ," అంది వదిన. "వాళ్లకి అబద్ధం ఆడటం రాదు. వచ్చుంటే ఇద్దరూ ఒకటే అబద్ధం ఆడేవాళ్లు కాదు."

"మరి ఇన్ని పోలికలు ఎలా వచ్చాయి?"

"పాఠం నేను చెప్పాను. వాళ్లు విన్నారు. మళ్లీ వాళ్లు చెప్పారు, నేను విన్నాను. మీ క్లాసులో మీరు చెప్పింది పిల్లలు రాయరా?"

"మీరు టీచర్ కాదు కదమ్మా," అన్నాడాయన.

ఈ మాట వదిన బయటికొచ్చి చెప్పినప్పుడు నాకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. చూశారా న్యాయం? ఆయన నిలబడి చెబితే గదినిండా పిల్లలు అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి, దాన్ని చదువంటారు. మా వదిన చెబితే ఇద్దరు మనుషులు ఆలోచించి, వాదించి, తమ మాట కూడా కలిపి రాస్తే అది కాపీ. ఆ తేడా ఎక్కడుంది? బల్లలో ఉంది. ఆయనది మాట్లాడే బల్ల, ఆవిడది మడత బల్ల.

అప్పుడు ఆ నెరిసిన జుట్టు ఆవిడ మొదటిసారి నోరు తెరిచిందట. కుట్టు అక్కనీ డ్రైవర్నీ మళ్లీ ఒక్కొక్కళ్లని పిలిపించి, వ్యాసంతో సంబంధం లేని ప్రశ్న ఒకటి అడిగింది. చనిపోయిన మనిషికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా అని. ఇద్దరూ వాళ్లకి తోచింది చెప్పారు. జవాబులు వేరు. చెప్పిన తీరు మాత్రం ఒకటే. చిన్న ముక్క, ఒక ప్రశ్న, కాసేపు మౌనం, మళ్లీ చిన్న ముక్క. కుట్టు అక్క అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, చేతులు కూడా చాపిందట. ఎందుకలా నడుస్తున్నారని ఆవిడ అడిగితే, నడుస్తున్నానా అని అక్క ఆశ్చర్యపోయింది.

వీళ్లు కాపీ కొట్టలేదు, వీళ్లు మాట్లాడేదే ఇలా అని నెరిసిన జుట్టు ఆవిడ తేల్చి చెప్పింది. ఆవిడకి దణ్ణం పెడతాను. ఒక్క మనిషికైనా కళ్లున్నాయి. కానీ పెద్దాయన వదలడే. కాపీ కాదు సరే, కానీ ఇందులో ఏది ఎవరి సొంతమో ఎలా తెలుస్తుంది, యూనివర్సిటీ చదువుకి సొంత గొంతు ముఖ్యం అన్నాడు. చివరికి ఇద్దరూ కలిసి ఒక తీర్పు ఇచ్చారు. వచ్చే శనివారం ముగ్గురూ వచ్చి కొత్త అంశం మీద మళ్లీ రాయాలి, వాళ్ల ఎదుటే. ఎవరి సొంత మాటల్లో వాళ్లు. ఒకరిది ఇంకొకరి దానిలా ఉంటే ఇద్దరికీ సీటు లేదు.

ఇంటికి వచ్చే బస్సులో ముగ్గురికీ తగాదా. వదిన ఇద్దరినీ దులిపేసింది. రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నదాన్ని దొంగతనం అని మీ నోటితో మీరే ఎలా చెప్పారు, సిగ్గు లేదా అంది. నీకోసమే కదా అన్నాడు డ్రైవరు. నాకోసం అయితే నిజం చెప్పాల్సింది అంది. కుట్టు అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, ఇప్పుడు మనం ఏం చేయాలి చెల్లీ, నాకు ఇంకోలా రాయడం రాదు, చచ్చినా రాదు అంది నెమ్మదిగా.

అప్పుడు వదిన ఒక ఏర్పాటు చేసింది. అది విన్నాక నేను ఆ బస్సులోనే గొడవ పెట్టుకున్నాను, కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. డ్రైవరుతో, నీకు వేరే భాష ఉంది కదా, రోడ్డు మీద మాట్లాడేది, తిట్లు తీసేసి దాంట్లో రాయి అంది. కుట్టు అక్కని ఎప్పుడూ రాసినట్టే రాయమంది. ఆ పద్ధతి అక్కకి వదిలేస్తాను, నేను వేరేగా రాస్తాను అంది.

"అది నీ పద్ధతి వదినా. అక్కకి నేర్పింది నువ్వు. నువ్వెందుకు వదులుకోవాలి?" అన్నాను.

"అక్కకి ఇంకో దారి లేదు. నాకు పుస్తకాలు తెలుసు. పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడతాను."

"సొంత మాటల్లో రాయమన్నారు."

"నా సొంత మాటలు ఇంకొకరి దగ్గర కూడా ఉన్నాయి కదే. ఉంటే సీటు రాదంటున్నారు," అంది వదిన.

తన మాటలు తనవేనని రుజువు చేసుకోవాలంటే తన మాటలు వాడకూడదు. నాకు ఇప్పటికీ ఇది అర్థం కాదు. పదిమందికి పనికొచ్చిన మాట సొంతం కాకుండా పోతుందా? ఎవరికీ చెప్పకుండా దాచుకుని ఉంటే మా వదిన గొప్ప ఆలోచనాపరురాలు అయ్యేది. పంచింది కాబట్టి అనుమానితురాలు అయింది. ఆ వారమంతా రోలరు దగ్గర నా చేతులు పని చేశాయి గానీ నోరు శాపనార్థాలే పెట్టింది. వదిన మాత్రం మడత దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. అలవాటు తప్పాలి అంది. ఎదురొచ్చేది, కొసలు అందించేది, వెనక్కి పోయేది. అంత మోతలోనూ ఆ గది నాకు బోసిపోయినట్టుంది.

శనివారం రాశారు. అంశం బాధ్యత. కొన్నాళ్లకి ఫలితం చెప్పి, వ్యాసాలు వెనక్కి ఇచ్చారు. ముగ్గురికీ సీట్లు వచ్చాయి. మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, మా సూపర్‌వైజరు ఉతుకు మిషన్లు ఆపించి మరీ కొట్టించాడు. నాకూ సంతోషం లేదని కాదు. నా వదిన యూనివర్సిటీకి వెళ్తోంది, నాకెందుకుండదు? కానీ వ్యాసాల కింద కమిటీ పెద్దాయన రాసిన మాటలు చదివాక ఆ సంతోషమంతా చేదైపోయింది.

డ్రైవరుకి, సజీవంగా ఉంది, క్రమశిక్షణ కావాలి అని రాశాడు. సరే, ఆ మాట ట్రాఫిక్ పోలీసు కూడా అంటాడు. కుట్టు అక్కకి, ఇతరుల ప్రభావం ఇంకా పోలేదు, సొంత గొంతు వెతుక్కోవాలి అని రాశాడు. ఆ వ్యాసం నేను చదివాను. ప్రతి ముక్కలోనూ మా వదిన ఉంది, అక్కా ఉంది. వదిన వ్యాసం కింద మాత్రం, పరిణతి కనిపిస్తోంది, ఇది మీ సొంత గొంతు, అభినందనలు అని ఉంది. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే.

ఆ రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య ఎప్పటిలా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సీటు తెచ్చిన వ్యాసం వినాలన్నాడు. పొద్దున్నుంచీ షాపులో వచ్చినవాళ్లందరికీ నా భార్య యూనివర్సిటీకి వెళ్తోందని చెప్పుకున్నాడట, ఎవరో అడిగితే ఏం రాసిందో చెప్పలేకపోయాడట. మా అమ్మ కూడా వచ్చి మంచం అంచున కూర్చుంది. వదిన కాగితాలు తీసి దీపం దగ్గరికి జరిగి చదవడం మొదలుపెట్టింది.

పొడుగు పొడుగు వాక్యాలు. బాధ్యత అనే భావన యొక్క స్వరూపాన్ని నిర్వచించే ప్రయత్నంలో మనం ముందుగా గమనించవలసినది, అంటూ మొదలై ఎక్కడికో పోతున్నాయి. తప్పు ఒక్కటీ లేదు. వదిన గొంతు తడబడకుండా చదువుకుంటూ పోయింది. మా అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అన్నయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు, ఎక్కడా ఆపలేదు, మళ్లీ చెప్పమనలేదు.

చదవడం అయిపోయింది. అన్నయ్య కళ్లు తెరిచి మర్యాదగా తలూపాడు.

"బాగుంది," అన్నాడు. "ఇది అయిందిగా. ఇంక నీది చదువు."

వదిన కాగితాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఇదే నాది," అంది. "వాళ్లు నాదని ఒప్పుకున్నది ఇదొక్కటే."